మోకాలి నొప్పికి సాక్షి ఎవరు?



వైద్య చిత్రాలకూ మనిషి కదలికలకూ మెషిన్ లెర్నింగ్ ఎలా ఉపయోగపడుతోందో చెప్పమని ఈ సభ ఏర్పాటు చేసిన కమిటీవారు అడిగారు. మెదడు స్కాన్లు, గుండె ఎకోలు, క్యాన్సర్ స్లైడ్లు, చేతి గడియారాలు లెక్కపెట్టే అడుగులు అన్నీ ఇందులోకే వస్తాయి. అన్నిటినీ ముట్టుకుంటే ఏదీ ఒంటబట్టదు కాబట్టి ఈ పూట మోకాలి దగ్గరే ఉంటాను. ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ డాక్టరుగారు జీవితమంతా ఎముకలు, కీళ్ల వైద్యం చేశారు. అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. చిత్రం ఒకటి చెప్పి, నడక మరొకటి చెప్పి, మనిషి ఇంకొకటి చెప్పే చోటు శరీరంలో మోకాలిని మించింది లేదు.

కీలు బాగా అరిగిపోయినట్టు ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఆ మనిషి మాత్రం మెట్లెక్కి వచ్చి కూర్చుంటాడు. మరొకామె ఫిల్ములో చెప్పుకోదగ్గ మార్పేమీ ఉండదు. రాత్రిళ్లు నిద్ర లేదని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఎముకల వైద్యులకు ఇది రోజూ ఎదురయ్యేదే. ఫిల్ము లైట్‌బాక్స్ మీదికి ఎక్కకముందే డాక్టరుగారు రోగిని గుమ్మం నుంచి కుర్చీ దాకా నడవమనేవారనీ, ఆ తర్వాత ఏ పని చేస్తే నొప్పి వస్తోందో అడిగేవారనీ, ఫిల్ము చివర చూసేవారనీ ఆయన దగ్గర పనిచేసినవాళ్లు చెబుతారు. ముందు నడక, తర్వాత మాట, ఆపైన చిత్రం. ఇవాళ యంత్రాలకు మనం నేర్పుతున్న పద్ధతి చాలా వరకు దీనికి తలకిందులుగా ఉంది. అది నాకు బాధ కలిగించే విషయం, ఆశ కలిగించే విషయం కూడా. ఎందుకో చెబుతాను.

ముందుగా, యంత్రం నేర్చుకోవడమంటే ఏమిటో రెండు మాటల్లో. దానికి ఒక చిత్రం ఇస్తాం, పక్కనే ఒక జవాబు ఇస్తాం. అది తన అంచనా చెబుతుంది. జవాబుకు ఎంత దూరంలో ఉందో చూసుకుని లోపలి అంకెలను కొద్దిగా సవరించుకుంటుంది. వేల చిత్రాల మీద ఇదే పని మళ్లీ మళ్లీ జరుగుతుంది. 2012లో అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాము ఫొటోల్లోని వస్తువులను గుర్తించడంలో పాత పద్ధతులన్నిటినీ వెనక్కి నెట్టాక, 2015లో జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య చిత్రాల కోసం చేసిన యూ-నెట్ వచ్చాక, ఈ పద్ధతి ఆసుపత్రి చిత్రాల్లోకి వెల్లువలా వచ్చింది. లోపలి గణితం గురించి పుస్తకాలు బోలెడు ఉన్నాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద ప్రశ్న ఒకటుంది: చిత్రం పక్కన ఆ జవాబు రాసిందెవరు? పరీక్ష పేపరు ఎంత బాగా దిద్దినా, చేతిలోని కీ తప్పయితే మార్కులన్నీ తప్పే.

షుగరు వల్ల కంటి రెటీనాకు జరిగే నష్టాన్ని పసిగట్టే యంత్రం గురించి 2016లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన పని మీలో చాలామందికి తెలుసు. అందులో నేర్పడానికి వాడిన 1,28,175 ఫొటోల్లో మన దేశపు కంటి ఆసుపత్రులు ఇచ్చినవి కూడా ఉన్నాయి. జవాబు కోసం వాళ్లు పడ్డ పాట్లు చూడండి. ఒక్కో ఫొటోను 3 నుంచి 7 సార్లు వైద్యుల చేత గ్రేడు చేయించారు. అందుకు 54 మంది కంటి వైద్యులు పనిచేశారు. ఒకే ఫొటోకు ఇద్దరు నిపుణులు రెండు గ్రేడులు ఇస్తారు, అదే నిపుణుడు మళ్లీ చూసినప్పుడు వేరే గ్రేడు ఇవ్వవచ్చు, అందుకే అంతమంది. అయినా అక్కడ జవాబు వైద్యుడిదే. కంటి విషయంలో అది సబబే, ఎందుకంటే రెటీనా మీది రక్తపు చుక్క రోగికి తెలియదు, చూసేవాడికే తెలుస్తుంది.

మోకాలి నొప్పి అలాంటిది కాదు. అది తెలిసేది రోగికే.

మోకాలి అరుగుదలకు ప్రపంచమంతా వాడే గ్రేడింగ్ కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు వైద్యులు 1957లో ప్రచురించింది. మాంచెస్టర్‌లో పనిచేసిన ఈ ఇద్దరూ ఎక్స్‌రే చూసి 0 నుంచి 4 దాకా అంకె వేసే పద్ధతి పెట్టారు. ఎముక అంచున ముల్లులా పెరిగిందా, రెండు ఎముకల మధ్య సందు తగ్గిందా, గుజ్జు కింద ఎముక గట్టిపడిందా, ఆకారం మారిందా అన్నవే అందులో చూసేవి. గుజ్జు స్వయంగా ఎక్స్‌రేలో కనిపించదు, సందును బట్టి ఊహించుకోవాలి. అప్పటి ఇంగ్లండు జనాన్ని చూసి కట్టిన ఆ కొలబద్ద తర్వాత భూగోళమంతటి మోకాళ్లకూ కొలబద్ద అయింది. ఎవరికి మోకాలి మార్పిడి చేయాలో తేల్చేటప్పుడు నేటికీ ఆ అంకెకు బరువు ఉంది.

మెషిన్ లెర్నింగ్ వచ్చాక చాలామంది చేసిన మొదటి పని ఏమిటంటే, వేల ఎక్స్‌రేలకు రేడియాలజిస్టులు వేసిన ఆ గ్రేడునే యంత్రం కూడా వేసేలా నేర్పడం. నేర్చుకుంది, చక్కగా వేస్తోంది. కానీ 1957 నాటి చూపును వేగంగా, అలుపు లేకుండా మళ్లీ చూపించడం తప్ప అందులో కొత్తగా తెలిసేది ఏముంది?

2021 జనవరిలో నేచర్ మెడిసిన్ పత్రికలో ఎమ్మా పియర్సన్, జియాద్ ఒబర్‌మేయర్, సెంధిల్ ములైనాథన్, వారి సహచరులు ప్రచురించిన పని ఇక్కడే దారి మార్చింది. ఈ రంగంలో నేను చదివిన వాటిలో దీనికే నేను మొదటి స్థానం ఇస్తాను. అమెరికాలో ఆస్టియో ఆర్థరైటిస్ ఇనిషియేటివ్ అనే పెద్ద అధ్యయనం 2004లో మొదలైంది. 45 నుంచి 79 ఏళ్ల వయసున్న 4,796 మందిని చేర్చుకుని, ఏళ్ల తరబడి ఎక్స్‌రేలు, ఎంఆర్ఐలు తీస్తూ, నొప్పి గురించి అడుగుతూ వచ్చారు. ఆ డేటాలో పాత చిక్కుముడి ఒకటి కనిపిస్తుంది. ఎక్స్‌రే గ్రేడు సమానంగా ఉన్నా నల్లజాతివారు తెల్లవారికంటే ఎక్కువ నొప్పి ఉందని చెబుతారు. మోకాలిలో కనిపించనప్పుడు కారణం బయటే ఉండాలి కదా, మానసిక ఒత్తిడో, బతుకులోని కష్టాలో అయి ఉంటుందని వైద్యలోకం సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

ఈ పరిశోధకులు యంత్రానికి ఎక్స్‌రే ఇచ్చారు. పక్కన జవాబుగా రేడియాలజిస్టు గ్రేడు పెట్టలేదు. రోగి తన నోటితో చెప్పిన నొప్పి అంకె పెట్టారు. సమతలం మీద నడిస్తే ఎంత నొప్పి, మెట్లెక్కితే ఎంత, రాత్రి మంచం మీద ఎంత, మోకాలు పూర్తిగా మడిస్తే ఎంత అన్న ప్రశ్నలకు వాళ్లు ఇచ్చిన సమాధానాల మొత్తం అది. తేలిందేమిటి? రెండు జాతుల మధ్య ఉన్న ఆ నొప్పి తేడాలో పాత గ్రేడు వివరించగలిగింది 9 శాతం. యంత్రం అవే ఎక్స్‌రేల నుంచి 43 శాతం వివరించింది. అంటే నొప్పికి ఆనవాళ్లు మోకాలిలోనే, ఆ ఫిల్ములోనే ఉన్నాయి. చూసేవాళ్లకు ఎక్కడ చూడాలో నేర్పిన పాఠంలో అవి లేవు, అంతే. తక్కువ ఆదాయం, తక్కువ చదువు ఉన్నవారి విషయంలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. యంత్రం కొలతనే ప్రమాణంగా తీసుకుంటే మార్పిడి సర్జరీకి అర్హత పొందే నల్లజాతివారి మోకాళ్లు రెట్టింపవుతాయని కూడా వాళ్లు లెక్కగట్టారు.

ఇందులో ఇంకో విషయం ఉంది, దాన్ని దాటి వెళ్లకూడదు. నేర్పేటప్పుడు చూపించిన ఎక్స్‌రేల్లో రకరకాల మనుషులు ఉండటం వల్లే ఈ ఫలితం చాలా వరకు సాధ్యమైంది. నల్లజాతివారి ఫిల్ములు తీసేసి నేర్పితే ఆ బలం తగ్గింది. ఎవరి మోకాళ్లు చూపించామన్నదీ, ఎవరి మాట జవాబుగా తీసుకున్నామన్నదీ రెండూ కలిసి పనిచేశాయి.

రోగి మాట వినమని యంత్రానికి చెప్పగలిగాం. అది మంచి వార్త. కానీ యంత్రానికి అడ్డదారులంటే మహా ఇష్టం. జాన్ జెక్, అతని సహచరులు 2018లో చూపించిన ఉదాహరణ ఇప్పటికీ ప్రతి తరగతిలో చెప్పదగ్గది. ఛాతీ ఎక్స్‌రేలో న్యుమోనియా కనిపెట్టే యంత్రానికి రెండు ఆసుపత్రుల ఫిల్ములు కలిపి నేర్పారు. ఒకచోట న్యుమోనియా రోగులు 34 శాతం, మరోచోట కేవలం 1.2 శాతం. ఫిల్ము ఏ ఆసుపత్రిదో కనిపెడితే సగం పని అయిపోయినట్టే. ఎక్స్‌రే మూలన టెక్నీషియన్ పెట్టే కుడి, ఎడమ గుర్తు బిళ్ల లాంటి వాటిని బట్టి కూడా ఏ ఆసుపత్రిదో 99.9 శాతం పైగా సరిగ్గా చెప్పగలిగే సత్తా ఆ యంత్రానికి ఉందని తేలింది. ఊపిరితిత్తులు చూడాల్సిన అవసరమే తగ్గిపోయింది. అందుకే మూడో ఆసుపత్రికి తీసుకెళ్తే పనితనం పడిపోయింది. కోవిడ్ కాలంలో ఇదే పెద్ద ఎత్తున జరిగింది. కోవిడ్ లేనివారి ఫిల్ములుగా చిన్నపిల్లల ఎక్స్‌రేలు వాడినవాళ్లున్నారు. అలాంటి యంత్రం నేర్చుకునేది పిల్లలనూ పెద్దలనూ వేరు చేయడం. 2021లో కేంబ్రిడ్జ్ బృందం 2,212 అధ్యయనాలతో మొదలుపెట్టి, వడగట్టి 62ను నిశితంగా పరిశీలించి, వాటిలో ఒక్కటి కూడా వైద్యానికి పనికివచ్చే స్థితిలో లేదని తేల్చింది. ప్రపంచం ఆపదలో ఉన్నప్పుడు అంతమంది తెలివైనవాళ్ల శ్రమ అలా పోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ఫిల్ము ఎక్కడిది, ఎవరిది, ఎలా తీశారు అన్న మామూలు ప్రశ్నలు అడగకపోవడమే అందుకు పెద్ద కారణం.

ఇప్పుడు నడక దగ్గరికి వద్దాం.

నడకను కొలవాలన్న కోరిక పాతది. 1890ల్లో లైప్‌జిగ్‌లో బ్రౌనే, ఫిషర్ అనేవాళ్లు చీకటి గదిలో మనిషి ఒంటికి మెరిసే గాజు గొట్టాలు కట్టి, నాలుగు అడుగులు నడిపించి ఫొటోలు తీశారు. ఆ కాసిని అడుగుల లెక్కలకు నెలలు పట్టింది. నేటి నడక ప్రయోగశాలల్లో ఒంటికి వెలుగును తిప్పికొట్టే చిన్న గోళీలు అంటిస్తారు, చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఉంటాయి, నేలలో బలాన్ని కొలిచే పలకలు పరుస్తారు. మామూలుగా నడుస్తున్నప్పుడే ప్రతి అడుగులోనూ మోకాలి మీద ఒంటి బరువుకు రెండు, మూడు రెట్ల బలం పడుతుంది. ఆ బలం లోపలివైపు గుజ్జు మీద ఎంత, బయటివైపు ఎంత అన్నది తెలిస్తే అరుగుదల గురించి చాలా తెలుస్తుంది. అయితే అలాంటి ప్రయోగశాల ఒకటి పెట్టాలంటే కోటి రూపాయల పైమాటే.

ఇక్కడ మెషిన్ లెర్నింగ్ నిజంగా ఒక తలుపు తెరిచింది. మామూలు వీడియోలో మనిషి కీళ్లు ఎక్కడున్నాయో యంత్రం గుర్తించగలుగుతోంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2020లో, సెరెబ్రల్ పాల్సీ ఉన్న వెయ్యి మందికి పైగా రోగులు నడుస్తున్న మామూలు వీడియోల నుంచే నడక వేగాన్నీ, మోకాలి వంపునూ అంచనా వేసి చూపించారు. 2023లో అదే విశ్వవిద్యాలయం నుంచి ఓపెన్‌క్యాప్ వచ్చింది. రెండు ఫోన్లు స్టాండుల మీద పెట్టి వీడియో తీస్తే చాలు; కీళ్ల కోణాలను సగటున 4.5 డిగ్రీల తేడాతో లెక్కగడుతుంది, కండరాలు, ఎముకల భౌతికశాస్త్రం కలిపి కీళ్ల మీది బలాలను అంచనా వేస్తుంది. పరిశోధనకు ఉచితంగా వాడుకోవచ్చు. ఓ జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపీ గదిలో ఇది సాధ్యమని ఊహించండి. నాకైతే ఆ ఊహే ఉత్సాహం కలిగిస్తుంది.

కానీ ఇక్కడ కూడా జవాబు రాసిందెవరని అడగాలి. వీడియోలో కీళ్లు గుర్తించే యంత్రాలకు ఎక్కువగా పాఠం చెప్పింది 2014లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన కోకో అనే ఫొటోల సంపుటి, దానికి తర్వాత చేర్చిన కీళ్ల గుర్తులు. ఫ్లికర్‌లో జనం పెట్టుకున్న ఫొటోల మీద, డబ్బు తీసుకుని పని చేసే మామూలు మనుషులు మౌసుతో చుక్కలు పెట్టారు. మనిషికి 17 చుక్కలు. ముక్కు, రెండు కళ్లు, రెండు చెవులు కలిపి ముఖానికే ఐదు. తర్వాత భుజాలు, మోచేతులు, మణికట్లు, తుంటి, మోకాళ్లు, చీలమండలు. అక్కడితో సరి. మడమ లేదు, కాలి బొటనవేలు లేదు. ఫొటోల్లోని వస్తువులను, మనుషులను గుర్తించడానికి కట్టిన సంపుటి కాబట్టి పాదం అవసరం వాళ్లకు కలగలేదు. తుంటి కీలు ఒంట్లో ఎంత లోపల ఉంటుందో శరీరశాస్త్రం చదవని మనిషికి తెలియదు, ప్యాంటు మీద ఉజ్జాయింపుగా చుక్క పెడతాడు. ఆ ఉజ్జాయింపే యంత్రానికి సత్యమైంది. పాదానికి చుక్కలు తర్వాత చేరాయి. ఓపెన్‌క్యాప్ చేసినవాళ్లు వీడియో చుక్కల నుంచి ప్రయోగశాల గోళీల స్థానాలను ఊహించడం యంత్రానికి విడిగా నేర్పి ఈ లోటు పూడ్చడానికి చాలా శ్రమపడ్డారు.

పాదం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నడిచేటప్పుడు పాదం లోపలికి తిరిగి ఉందా, బయటికి తిరిగి ఉందా అన్న చిన్న కోణమే మోకాలి లోపలివైపు పడే బరువును మారుస్తుంది. 2025లో లాన్సెట్ రుమటాలజీలో వచ్చిన ఒక ట్రయల్‌లో మోకాలి లోపలివైపు అరుగుదల ఉన్న 68 మందిని తీసుకున్నారు. ఒక సగానికి, ఎవరి మోకాలికి ఏ కోణం బరువు తగ్గిస్తుందో ముందుగా కొలిచి, పాదాన్ని 5 లేదా 10 డిగ్రీలు లోపలికో బయటికో తిప్పి నడవడం నేర్పారు. తప్పినప్పుడు కాలికి కట్టిన చిన్న పరికరం కంపించి గుర్తుచేసేది. మిగతా సగానికి కూడా ఇలాగే పరికరం కట్టారు, కానీ వాళ్ల సొంత నడకనే కొనసాగించమన్నారు. ఏడాది తర్వాత నడక మార్చుకున్నవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. ఎంఆర్ఐలో వాళ్ల గుజ్జు క్షీణత నెమ్మదించింది. అందరికీ ఒకే కోణం చెబితే కుదరదు, కొందరికి అది బరువు పెంచుతుంది కూడా. మందుబిళ్ల లేదు, కోత లేదు. నడక, మాట, చిత్రం మూడూ ఒకే అధ్యయనంలో ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి. యంత్రాలు మనకు ఏం చేసిపెట్టాలో నన్ను అడిగితే, ఆ కొలతను ప్రయోగశాల దాటించి మండల కేంద్రానికి తేవాలంటాను.

వైద్యుడి గ్రేడు, రోగి మాట తర్వాత కాలం కూడా జవాబు చెబుతుంది, అది మూడో రకం. బ్రిటన్‌లో యూకే బయోబ్యాంకు అధ్యయనంలో లక్ష మందికి పైగా మణికట్టుకు కదలికల మీటరు వారం పాటు కట్టుకున్నారు. వాళ్లలో కొందరికి తర్వాతి సంవత్సరాల్లో పార్కిన్‌సన్స్ తేలింది. వెనక్కి వెళ్లి చూస్తే, రోగం తేలడానికి ఏడేళ్ల ముందే వాళ్ల కదలికలు మందగించిన జాడ ఆ వారం డేటాలో ఉందని 2023లో కార్డిఫ్ బృందం చూపించింది. అక్కడ ఏ వైద్యుడూ గ్రేడు వేయలేదు.

ఇక మన సంగతి. మన మోకాళ్లు ఏం చేస్తాయో ఒకసారి తలచుకోండి. గొంతుకు కూర్చుని అంట్లు తోమడం, బాసింపట్టు వేసుకుని భోజనం చేయడం, కింద కూర్చుని లేవడం, నాట్లలో గంటల తరబడి వంగడం, కలుపు తీస్తూ గొంతుకు కూర్చునే ముందుకు జరగడం. ఇందాక చెప్పిన నొప్పి ప్రశ్నావళి పేరు కూస్, 1998లో స్వీడన్ నుంచి వచ్చింది, మంచి ప్రశ్నావళి. అందులో గొంతుకు కూర్చోవడం, మోకాళ్ల మీద కూర్చోవడం ఏ శీర్షిక కింద ఉన్నాయో తెలుసా? పరుగు, గెంతుడుతో పాటు ఆటలు, వినోదాల కింద. మెట్లు, నడక, నిద్ర మాత్రం నొప్పి శీర్షిక కింద. పియర్సన్ బృందం యంత్రానికి జవాబుగా ఇచ్చింది ఆ నొప్పి శీర్షికనే. ఆ లెక్కన నేర్చుకున్న యంత్రం ముందు మన వ్యవసాయ కూలీ మోకాలు పెడితే, ఆమె రోజంతా చేసే పని దాని దృష్టిలోకి నేరుగా రాదు. తెలుగులోకి అనువాదం ఒక్కటే చాలదు. ఏ పని ఏ శీర్షిక కింద ఉండాలో మనమే మళ్లీ తేల్చుకోవాలి.

చీర సంగతి కూడా ఇలాంటిదే. కుచ్చిళ్ల వెనుక మోకాలు ఎక్కడుందో చుక్కపెట్టే మనిషికీ తెలియదు, యంత్రానికీ తెలియదు. నడక పరీక్ష కోసం మా అమ్మ వయసు స్త్రీలను పొట్టి నిక్కరు వేసుకోమని అడగగలమా? అడిగినా వాళ్లు మామూలుగా నడవరు. చీర కట్టుకున్నప్పుడే సరిగ్గా కొలిచేలా యంత్రానికి నేర్పాలి. అందుకు చీరలో, పంచెలో నడిచిన వీడియోలకు పక్కన ప్రయోగశాల కొలత జవాబుగా ఉండాలి. అది మన పని. మన కోసం దాన్ని మరెవరూ చేసిపెట్టరు.

ఎముక విషయంలోనూ మనకు సొంత చరిత్ర ఉంది. తాగునీటి ఫ్లోరైడు ఎముకలను ఎలా మారుస్తుందో 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి రాసింది అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించే. తర్వాత నల్గొండ ఎంత అనుభవించిందో ఈ సభలో చెప్పనక్కరలేదు. ఫ్లోరోసిస్‌లో ఎముక దట్టమవుతుంది, సందుల దగ్గరి స్నాయువులు సున్నం పేరుకుని గట్టిపడతాయి. అమెరికా మోకాళ్లు చూసి నేర్చుకున్న యంత్రానికి అది ముల్లులాగా, అరుగుదలలాగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. కొని తెచ్చిన ఏ సాఫ్ట్‌వేరునైనా ఆ గ్రామాల్లో వాడేముందు ఆ గ్రామాల ఫిల్ముల మీదే పరీక్షించాలని నేను గట్టిగా అంటాను.

ఈ సభకు వచ్చిన వైద్య, ఇంజనీరింగ్ విద్యార్థులకు నా విన్నపం ఇది. మీలో ప్రాజెక్టు కోసం నెట్‌లో దొరికే ఎక్స్‌రేల సంపుటి దించుకుని, 97 శాతం వచ్చిందని పోస్టరు పెట్టేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆ శ్రమలో సగం వేరేచోట పెట్టండి. పీజీ వైద్య విద్యార్థి ఒకరు, ఫిజియోథెరపిస్టు ఒకరు, ఇంజనీరింగ్ విద్యార్థి ఒకరు జట్టుకట్టండి. కీళ్ల ఓపీకి వచ్చిన వారి అనుమతి ముందుగా తెలుగులో, వాళ్లకు అర్థమయ్యేలా అడగండి. కాదంటే ఆ మాటను గౌరవించండి. ఒప్పుకున్నవారి ఎక్స్‌రే ఉంటుంది, గుమ్మం నుంచి కుర్చీ దాకా నడిచిన వీడియో ఉంటుంది. వాటి పక్కన జవాబు గడిలో గ్రేడుతో పాటు ఈ ప్రశ్నలకు వాళ్ల సమాధానం రాయండి: కింద కూర్చుని లేవడానికి ఆసరా కావాలా? నాట్లలో ఎంతసేపు వంగగలుగుతున్నారు? గొంతుకు కూర్చుంటే నొప్పి మోకాలిలో ఏ వైపు? రాత్రి నొప్పికి మెలకువ వస్తోందా? ఎంఆర్ఐ లేకపోయినా ఫరవాలేదు. ఫిల్ము ఏ మిషను మీద తీశారో, గుర్తు బిళ్ల ఏ మూలన పెట్టారో కూడా రాసిపెట్టండి. ఆరు నెలలకోసారి అవే మనుషులను మళ్లీ పిలిచి అవే ప్రశ్నలు అడగండి. కమిటీవారు అంగీకరిస్తే డాక్టరుగారి పేరిట ఉన్న నిధి నుంచి ప్రతి ఏటా ఇచ్చే బహుమతిని ఇకమీదట ఇలాంటి జట్టుకే ఇవ్వాలని, అందులో తొలి ఖర్చు రోగుల రానుపోను బస్సు చార్జీలకు కేటాయించాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను.